పదహారు చుక్కల ముగ్గు

ఏ వస్తువు కొనబోయినా మనం ముందు ధర అడుగుతాం, తరవాత గ్యారంటీ అడుగుతాం, ఆపైన పక్కింటావిడని అడుగుతాం. “దీన్ని విప్పి లోపల చూసుకోవచ్చా? నా అవసరానికి తగ్గట్టు నేనే మార్చుకోవచ్చా?” అని మాత్రం అడగం. అలా అడిగి మరీ వస్తువు కొన్న మనిషిని ఈమధ్యే చూశాను. ఆ మనిషి మా మేనకోడలు. కొన్నది చీరా కాదు, నగా కాదు. కారు ఇంజనుకి కంప్యూటరు!

కార్ల సంగతి నాకేం తెలుసు చెప్పండి? నేను చదివింది బి.ఏ. రాసేది నవలలు. నా నవలల్లో కార్లకేం కొదవ లేదు. నాయకుడు సర్రున వచ్చి ఆపుతాడు, నాయిక విసురుగా తలుపు వేసి వెళ్లిపోతుంది. ఆ బానెట్ కింద ఏముందో ఇరవయ్యేళ్లుగా ఒక్క పాత్రా అడగలేదు, నేనూ చెప్పలేదు.

2024 జూలైలో మెల్‌బోర్న్‌లో ఉన్న మా తమ్ముడింటికి వెళ్లాను. అక్కడది చలికాలం. గరాజులో ఎర్రటి చిన్న కారొకటి ముసుగు తన్ని పడుకుని ఉంది. 1990 నాటి మాజ్డా ఎమ్మెక్స్-5, ఇద్దరికే చోటున్న బండి. మా మేనకోడలికి అప్పటికి ఇరవయ్యేళ్లు. తనకన్నా పెద్దదాన్ని, అందులోనూ నడవనిదాన్ని, సాయంత్రాలు కొట్లో పనిచేసి కూడబెట్టుకున్న డబ్బుతో కొనుక్కుంది. దీన్ని ‘ప్రాజెక్టు కారు’ అంటారుట. అంటే ఎక్కి తిరగడానికి కాదు, కింద దూరి పని చేసుకోవడానికన్నమాట!

లోపల తడి చేరి దాని ఇంజను కంప్యూటరు చచ్చిపోయింది. అలాంటిదే పాతది తెచ్చి పెట్టవచ్చు గాని, అదీ ముప్పయ్యేళ్లు దాటినదే. ముసలాయన స్థానంలో మరో ముసలాయన! “అమ్మేసి చదువు చూసుకో” అంటాడు తమ్ముడు. “అమ్మను” అంటుంది పిల్ల. నేను వెళ్లేసరికి తండ్రీ కూతుళ్ల మధ్య మాటలు ఫీజుల దగ్గరా మార్కుల దగ్గరా ఆగిపోయి ఉన్నాయి. మధ్యలో మా మరదలు ఇద్దరికీ విడివిడిగా అన్నం పెడుతోంది.

“అత్తా, నీకు ఉప్మా లెక్కలో చెప్తాను విను” అంది మేనకోడలు ఓ రాత్రి. రవ్వకి నీళ్ల కొలత ఉన్నట్టే పెట్రోలుకి గాలి కొలత ఉంది. పెట్రోలు ఒక వంతయితే, అది పూర్తిగా మండడానికి బరువు లెక్కన గాలి 14.7 వంతులు కావాలి. అయితే చల్లటి ఇంజనుకి పెట్రోలు కాస్త ఎక్కువ పొయ్యాలి, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకాస్త. ఎంతసేపు పొయ్యాలో, నిప్పురవ్వ సరిగ్గా ఎప్పుడు పడాలో నిమిషానికి కొన్ని వేలసార్లు చెప్పేదే ఆ కంప్యూటరు.

ఆ చెప్పడానికి దాని దగ్గరో పట్టీ ఉంటుంది. పదహారు నిలువు, పదహారు అడ్డం, మొత్తం 256 గళ్లు. ఒక వైపు ఇంజను వేగం, ఇంకో వైపు లోపలికి పీల్చే గాలి ఒత్తిడి. గడికో అంకె. చెప్పొద్దూ, తెర మీద అది చూస్తే నాకు సంక్రాంతి ముగ్గే గుర్తొచ్చింది. ఒక్క చుక్క తప్పితే ముగ్గంతా వంకరపోయినట్టు, ఇక్కడ ఒక గడిలో అంకె తప్పితే బండి ఆ వేగం దగ్గర దగ్గుతుంది. కారుతోపాటు వచ్చిన కంప్యూటరులో ఈ ముగ్గు కంపెనీవాళ్లు వేసి మూసేసింది. విడిగా దొరికే ‘స్టాండలోన్’ కంప్యూటరులో ముగ్గుపిండి మన చేతికిస్తారు.

మరి ఏది కొనాలి? పేరున్న హాల్‌టెక్, మోటెక్ రెండూ ఆస్ట్రేలియావే. పందెం కార్లలో పెట్టేంతటివి. కాని వాటి ధరకి ఆ పిల్ల సంపాదన చాలదు. తక్కువలో వచ్చేవి మూడు లెక్క తేలాయి. మొదటిది మెగాస్క్వర్ట్. 2001లో బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిప్పో అనే ఇద్దరు అమెరికాలో మొదలుపెట్టారు. ఇంట్లో కూచుని ఇంజను కంప్యూటరు అతుక్కోవచ్చని ఎందరికో చూపించింది అదే. కాని దాని ప్రోగ్రాము వాళ్ల హార్డ్‌వేరు మీదే వాడాలని షరతుంది కనుక అచ్చమైన ఓపెన్ సోర్స్ కాదు. రెండోది స్పీడుయినో. జాష్ స్టూవర్ట్ అనే ఆస్ట్రేలియా ఆయన మొదలుపెట్టాడు. కాలేజీ పిల్లలు లైట్లు వెలిగించడానికి వాడే ఆర్డుయినో మెగా అనే చవక బోర్డు మీద నడుస్తుంది. బోర్డు నక్షా, ప్రోగ్రామూ అన్నీ బయటే. మూడోది రుస్‌ఇఎఫ్‌ఐ. అదీ ఓపెన్ సోర్సే, పైగా దాని చిప్పు చాలా వడిగలది. యాక్సిలరేటరు తీగతో కాకుండా కరెంటుతో పనిచేసే కొత్త కార్లనీ సంభాళిస్తుంది.

“అయితే మూడోదే కొను, వడిగలదిగా!” అన్నాను.

“నాదో నాలుగు సిలిండర్ల ముసలి ఇంజను అత్తా. యాక్సిలరేటరుకి తీగే ఉంది. రెండు గదుల ఇంటికి లిఫ్టు ఎందుకు?” అంది. స్పీడుయినోలో ఈ కారుకని ప్రత్యేకంగా గీసిన బోర్డు ఉందిట. ఉన్న వైర్లు కొయ్యకుండా పాత కంప్యూటరు ఊడదీసి అదే ప్లగ్గుకి తగిలించుకోవచ్చు. వద్దనుకుంటే మళ్లీ వెనక్కి పెట్టుకోవచ్చు. కొత్త కోడలి మాటలా, ఎంత ముందుచూపో!

అసలు రభస భోజనాల దగ్గర మొదలైంది. “చవకది పెట్టి ఇంజను కాల్చుకుంటే?” అన్నాడు తమ్ముడు. ఆ భయం ఉత్తదేం కాదు. బండి గట్టిగా లాగుతున్నప్పుడు పెట్రోలు తక్కువై, నిప్పు మరీ ముందుగా పడితే పిస్టన్ కరిగిపోతుంది. “దారిలో ఆగిపోతే ఒంటరి పిల్ల ఏం చేస్తుంది?” అంది మరదలు. “అక్కా, నువ్వయినా చెప్పు” అని తమ్ముడు నావైపు తిరిగాడు. నేను పిల్లవైపు తిరిగి, “తప్పు అంకె వేస్తే నీకు ఎలా తెలుస్తుంది?” అని మాత్రం అడిగాను.

అది లేచి వెళ్లి ఓ నోటుపుస్తకం తెచ్చింది. అందులో పెట్టెకి రాసింది మొత్తం ఖర్చులో మూడో వంతే. మిగతాదంతా చూసే కళ్లకి! పొగలో మిగిలిన ఆక్సిజన్ పట్టి చెప్పే వైడ్‌బ్యాండ్ సెన్సరు, గాలి ఒత్తిడి చెప్పేది, వేడి చెప్పేది, నిప్పు ఎప్పుడు పడుతోందో చూపే టైమింగు లైటు. అంకెలు మార్చే ట్యూనర్‌స్టూడియో మామూలుగా ఉచితమే గాని, అంకెలు తనే సరిదిద్దే సదుపాయం కావాలంటే డబ్బు కట్టాలి. అదీ రాసింది. మొదట నిప్పుని పది డిగ్రీల దగ్గర కట్టేసి, లైటుతో పుల్లీ మీది గుర్తు చూస్తుందిట. పెట్రోలు కాస్త ఎక్కువ నుంచే మొదలుపెట్టి తగ్గించుకుంటూ వస్తుందిట. బలంగా లాగించి చూడడం మటుకు తెలిసినవాళ్ల యంత్రం మీద, తెలిసినవాళ్ల ఎదుట. రోడ్డెక్కించేముందు ఈ మార్పు అక్కడి రూల్సు ఒప్పుకుంటాయో లేదో ఇంజనీరుని అడుగుతుందిట.

“ఇంత తాపత్రయం దేనికే?” అన్నాడు తండ్రి మెల్లిగా.

“అది ఎందుకు నడుస్తోందో నాకు తెలియాలి నాన్నా. అంతే.”

తమ్ముడు మజ్జిగ అన్నం కలుపుకుంటూ చాలాసేపు మాట్లాడలేదు.

పార్సిలు వచ్చింది. మూడు శని ఆదివారాలు గరాజులోనే గడిచాయి. రెండో ఆదివారం నేను టీ పట్టుకెళ్లేసరికి పిల్ల డాష్‌బోర్డు కింద తలకిందులుగా ఉంది, తమ్ముడు టార్చి పట్టుకుని వంగి ఉన్నాడు. “ఊరికే, చీకటిగా ఉందని...” అన్నాడు నన్ను చూసి. నేనేమైనా అడిగానా! మూడో ఆదివారం బండి రెండుసార్లు దగ్గి, ఒకసారి తుమ్మి, అందుకుంది. మా మరదలు వీధి గుమ్మంలోంచే దణ్ణం పెట్టింది.

అలాగని అంతా చక్కబడిపోయిందనుకునేరు! నేను బయల్దేరేనాటికి పొద్దుటి చలిలో అది మూడో పిలుపుకి గాని పలికేది కాదు. ఆ చలి అంకెలు సరిచెయ్యడానికి దానికి ఇంకో నెల పట్టిందిట. సరయ్యాక ఆ పట్టీని అలాంటి బండే ఉన్న మరికొందరికి పంపింది. ఓపెన్ సోర్స్‌లో మర్యాదే అదిట. స్పీడుయినో ప్రోగ్రామునే మార్చి పదిమందికీ పంచేవాళ్లయితే, మార్చినదేమిటో కూడా బయట పెట్టి తీరాలని లైసెన్సులోనే రాసి ఉంది.

ఆవకాయ కొలత అడిగితే “ఏదో, చేతికొచ్చినంత” అని దాటేసేవాళ్లున్న లోకం మనది. ఎవరో ఎరగని మనిషి తన కొలతలు దీని చేతిలో పెట్టాడు. ఇది తన కొలత కలిపి ఇంకొకళ్ల చేతిలో పెట్టింది. మన పేరంటాల్లో వాయనాలు ఇచ్చి పుచ్చుకున్నట్టే ఉంది ఇదీ. పసుపూ కుంకుమా బదులు అంకెలు, అంతేగా!