నాలుగించుల పైపు కోసం ట్రూప్ బజార్‌కి

కోఠి అనగానే మనలో చాలామందికి సెకండ్ హ్యాండ్ పుస్తకాలు, సుల్తాన్ బజార్ షాపింగ్ గుర్తొస్తాయి. అక్కడి నుంచి బ్యాంక్ స్ట్రీట్ మీదుగా అబిడ్స్ వైపు నడిస్తే ఇంకో లోకం కనిపిస్తుంది. అదే ట్రూప్ బజార్. ఓ షాపులో వైర్లు, స్విచ్‌లు, ఫ్యాన్లు. పక్క షాపులో కమోడ్లు, కుళాయిలు, పైపులు. సిటీలో పాత ఇల్లు బాగు చేయించుకునేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఈ వైపు రావాల్సిందే.

అన్నీ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి కదా అంటారేమో. కమోడ్ దొరుకుతుంది. కానీ దాన్ని యాభై ఏళ్ల నాటి పైపుకి కలిపే ముక్క పేరే తెలియనప్పుడు సెర్చ్‌లో ఏమని కొడతాం?

మా అవసరం చెప్తాను. చిక్కడపల్లిలో అమ్మమ్మ ఇల్లు డెబ్బైల్లో కట్టింది. ఉన్నది ఇండియన్ టాయిలెట్. అమ్మమ్మకి రెండు మోకాళ్లకీ ఆపరేషన్ అయింది. ఇక గొంతుక్కూర్చోవద్దని డాక్టర్ గట్టిగా చెప్పారు. డిశ్చార్జికి ఐదు రోజులే ఉంది. ఆలోపు కమోడ్ రెడీగా ఉండాలి.

ప్లంబర్ వచ్చి పాత బేసిన్ పీకాడు. దాని కింద ఓ ట్రాప్, దాని వెనక పోత ఇనుప పైపు. ట్రాప్ అంటే వంపు తిరిగిన గొట్టం. అందులో రెండించుల ఎత్తున నీళ్లు నిలిచి, డ్రైనేజీ కంపుని ఇంట్లోకి రానివ్వవు. కొత్త కమోడ్‌లో ఆ వంపు లోపలే ఉంటుంది. పాతదాని మీదే కమోడ్ కూర్చోబెడితే వంపు కింద ఇంకో వంపు అవుతుంది. మధ్యలో గాలి ఇరుక్కుని ఫ్లష్ సరిగ్గా దిగదు. "చానా ఇండ్లల్ల గట్లనే పెట్టి పోతరన్నా. తర్వాత ఊకె జామైతది" అన్నాడు ప్లంబర్. అందుకే పాత ట్రాప్ మొత్తం తీసేయించాం.

అసలు తలనొప్పి అప్పుడు మొదలైంది. పాత పైపు నాలుగించులది, అంటే దాదాపు 100 మిల్లీమీటర్లు. ఇప్పుడు దొరికే పీవీసీ డ్రైనేజీ పైపు 110. ఒకదాంట్లో ఒకటి దూరదు. ట్రూప్ బజార్‌లో మొదటి షాపు కుర్రాడు 110ని 75కి తగ్గించే రెడ్యూసర్ చేతిలో పెట్టి, "ఇది లోపలికి తోసి చుట్టూ సిమెంట్ కొట్టండి" అన్నాడు. మురుగు పైపు పోనుపోను వెడల్పు కావొచ్చు గానీ ఇరుకు కాకూడదు. ఇరుకైన చోటే అడ్డం పడుతుంది. దండం పెట్టి బయటికొచ్చాం.

నాలుగో షాపులో ఓ పెద్దాయన ఉన్నారు. విషయం వినగానే ఒకటే ప్రశ్న: "లోపల కొలిసిన్రా, బయట కొలిసిన్రా తమ్మీ?"

కిటుకంతా అక్కడే ఉంది. ఇనుప పైపు సైజు చెప్పేది లోపలి కొలతతో. పీవీసీ సైజు చెప్పేది బయటి కొలతతో. ఇనుప గోడ మందం రెండు వైపులా కలిపి ఓ పది మిల్లీమీటర్లు వేసుకోండి. అంటే మన 100 పైపు బయటి నుంచి చూస్తే దాదాపు 110! రెండు పైపులూ ఒకటే లావు, పేర్లే వేరు. వేరియబుల్ పేరు మారితే వాల్యూ కూడా వేరనుకున్నట్టు.

"తుప్పు ఉంటది, నమ్మకు. టేపు సుట్టి సూడు" అన్నారాయన. వీడియో కాల్ చేస్తే ఇంట్లో ఉన్న తమ్ముడు తుప్పు గీకి, అమ్మమ్మ కుట్టుమిషను డబ్బాలోని టేపు పైపు చుట్టూ తిప్పాడు. 34.5 సెంటీమీటర్లు. దాన్ని 3.14తో భాగిస్తే 110 మిల్లీమీటర్లు. ఆయన లోపలి నుంచి మందపాటి రబ్బరు కాలర్ తెచ్చారు. రెండు చివర్లా స్టీల్ క్లాంపులు. పీవీసీ సొల్యూషన్ ఇనుముకి అతకదు. సిమెంట్ పూస్తే కొన్నాళ్లకి పగులుతుంది. రబ్బరు రెండింటినీ పట్టుకుంటుంది, కాస్త కదిలినా ఊడదు. కమోడ్ ధర ముందు దాని ధర లెక్కలోకే రాదు.

మన దేశం 1956 చట్టంతో మెట్రిక్ కొలతలకి మారింది. ఈ బజార్లో మాత్రం ఇంచీ ఇంకా బతికే ఉంది. ఇక్కడికి దగ్గర్లోనే మూసీ. 1908 వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించి, వరద కట్టడితో పాటు నగరానికి డ్రైనేజీ ప్లాను కూడా వేయించారు. ఇనుము, మట్టి గొట్టాలు, పీవీసీ... ఏ కాలం పైపు ఆ కాలం కొలతతో ఈ సిటీ కింద ఇప్పటికీ పని చేస్తోంది.

మీ ఇంట్లో ఈ పని పెట్టుకుంటే ఇంకో రెండు విషయాలు. కమోడ్ కొనేముందు గోడ నుంచి కన్నం మధ్యకి ఎంతుందో కొలవండి. మాది పది ఇంచులుంది, గోడకి టైల్ వేస్తే తొమ్మిదిన్నర. అందుకే తొమ్మిది ఇంచుల మోడల్ తెచ్చాం. వెనక అరంగుళం సందు మిగిలితే ఫర్వాలేదు. పన్నెండుది తెస్తే గోడ అడ్డొచ్చేది. రెండోది వాలు. నాలుగించుల పైపుకి నలభై ఇంచులకి ఓ ఇంచు దిగాలి. నేల పూడ్చకముందే బకెట్ల కొద్దీ నీళ్లు పోసి, జాయింట్ కింద పొడి కాగితం పెట్టి చూడండి.

మా కాగితం తడవలేదు. నాలుగో రోజు టైల్స్ పడ్డాయి, ఐదో రోజు అమ్మమ్మ వాకర్‌తో వచ్చింది. బాత్రూమ్‌లోకి ఒక్కతే వెళ్లి, ఒక్కతే బయటికొచ్చి, "ఎవరినీ పిలవక్కర్లేకుండా పోయింది" అంది.

నేల పూడ్చే ముందు తీసిన ఫొటోలు, కొలతలు ఫ్యామిలీ గ్రూపులో పిన్ చేసి పెట్టాను. ఈసారి తవ్వేది ఎవరైనా, కింద ఏముందో వాళ్లకి తెలుస్తుంది.