కోతకాలములో మంచు

మా రాయికల్ వైపు మంచు అంటే పుష్య మాసములో తెల్లవారుజామున పొలాల మీద తెరవలె పరచుకొని, ఎండ ఎక్కగానే మాయమయ్యేది. జగిత్యాల ప్రాంతము మామిడికి పేరుపొందినది గనుక పూతకాలములో అది ఎన్ని దినములు నిలిచినదో లెక్క పెట్టుకొనే రైతులు మా సంఘములో ఉన్నారు. ఇక ఆకాశము నుండి తెల్లగా పడేది మాకు తెలిసినంతలో రాళ్లవాన ఒక్కటే. అది పడిన నాడు ఇంటింటా దుఃఖమే. దూదివంటి మెత్తని మంచు, దాని మీద కాళ్లకు పొడవైన పట్టీలు కట్టుకొని జారే మనుష్యులు, ఇవి క్యాలెండరు బొమ్మలలో చూచినవే. ప్రియ పాఠకులారా, అటువంటి మంచును మేము మొదటిసారి కంటితో చూచినది కాశ్మీరులో కాదు, ఎడారిలో. అదీ ఆగస్టు నెలలో.

2023లో దుబాయిలోని ఒక తెలుగు సహవాసము వారు పిలువగా మేము భార్యాభర్తలము పది దినముల కొరకు అక్కడికి వెళ్లాము. బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అని మన తెలంగాణలో ఒక మాట ఉన్నది గదా. రాయికల్, కోరుట్ల, సిరిసిల్ల పల్లెలలో ఈ మూడింటిలో దేనికీ మనిషిని పంపని ఇల్లు వెదకవలసినదే. ప్రయాణము సంగతి తెలియగానే సంఘస్థులు మూటలు తెచ్చి మా ఇంట్లో పెట్టసాగారు. సామాను తూచి చూస్తే సగానికి పైగా మామిడికాయ తొక్కే! అన్నిటికంటె ఆశ్చర్యమైనది ఒక తల్లి తెచ్చిన ఉన్ని స్వెటరు.

"అమ్మా, దుబాయి ఎండలో స్వెటరు ఎందుకు?" అని నవ్వాము.

"మీకెరుక లేదు అయ్యగారు. మా పిల్లగాడు మంచు కంపెనీల పనిచేస్తుండు. ఫొటో గూడ పంపిండు. గంత చలిల ఉంటడు, జర ఇయ్యుండ్రి" అన్నది.

ఆమె బీడీలు చేసి ముగ్గురు పిల్లలను పెంచిన విధవరాలు. మేము మారు మాట్లాడక స్వెటరు పెట్టెలో పెట్టుకొన్నాము.

జెబెల్ అలీలో అనేక సంఘముల మందిరములు దగ్గర దగ్గరగా ఉన్నవి. ఆదివారము అక్కడ ఆరాధన ముగిసిన తరువాత ముగ్గురు సహోదరులు మమ్ములను మెట్రో రైలులో మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్ అనే పెద్ద బజారుకు తీసుకొనిపోయారు. స్వెటరు తల్లి కుమారుడు వారిలో ఒకడు. బయట ఎండ మన మే నెల రోహిణి కార్తె ఎండను మించినది. ఆ దేశములో జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము 12.30 మొదలు 3 గంటల దాకా ఆరుబయట పని చేయించరాదని ప్రభుత్వపు ఆజ్ఞ ఉన్నది. ఆ ఎండలో నడిచినవారికి ఆ ఆజ్ఞ ఎందుకు పుట్టినదో ఎవరూ చెప్పనక్కరలేదు.

బజారు లోపల ఒక మూలకు పోగానే ఎత్తైన అద్దపు గోడ. దాని అవతల మంచుకొండ! 2005లో కట్టిన ఈ చోటును స్కీ దుబాయి అంటారు. కట్టడము 85 మీటర్ల ఎత్తు, అనగా సుమారు ఇరవై అయిదు అంతస్తులు. జారుటకు అయిదు దారులున్నవి, వాటిలో పెద్దది 400 మీటర్లు. వేలాడే కుర్చీలలో జనము పైకి పోయి జారుతూ దిగుతున్నారు. లోపల పగటివేళ సున్నాకు ఒకటి రెండు డిగ్రీలు తక్కువగా ఉంచుతారట. ఆటగాళ్లు వెళ్లిపోయిన తరువాత రాత్రి ఇంకా చల్లబరచి, పైకప్పు దగ్గరి గొట్టముల నుండి చల్లని నీటిని గాలితో కలిపి సన్నని తుంపరగా చిమ్ముతారు. ఆ తుంపర నేలకు చేరులోపల గడ్డకట్టి మంచు అవుతుంది. దినమంతా తొక్కి గట్టిపడిన దాని మీద ప్రతి రాత్రీ కొత్త మంచు కురుస్తుందన్నమాట. తరువాత పళ్లున్న యంత్రముతో దువ్వి చదును చేస్తారు. ఉదయము దువ్వెన గీతలతో గొర్రు తోలిన చేను వలె ఉండేది సాయంత్రానికి గుట్టలు గుంటలుగా, కొన్నిచోట్ల అద్దమువలె నున్నగా మారుతుంది. మేము చూచినది సాయంత్రపు మంచును. ఒక చిన్నపిల్ల మూడుసార్లు పడి మూడుసార్లు లేచినది. ఏ పూటకు ఆ పూట కురిసి, మరునాటికి పాతబడిపోయే దానిని చూస్తుంటే ఇశ్రాయేలీయుల మన్నా జ్ఞాపకమునకు వచ్చినది. అయితే ఇది ఉచితము కాదు. లోపలికి పోవుటకు టిక్కెట్టు మన సహోదరుల నాలుగైదు దినముల కూలికి పైమాటే. అద్దము ఇవతల నుండి చూచుటకు మాత్రము రుసుము లేదు. కనుక సెలవు దినమున కూలీలు వచ్చి అద్దము దగ్గర నిలిచి, వెనుక మంచు కనబడునట్లు ఫొటోలు దిగి ఇంటికి పంపుకొంటారు.

"నీ పని లోపలనా?" అని ఆ సహోదరుని అడిగాము.

కొంతసేపు మంచు వైపే చూచి, "కాదు అయ్యగారు. సెంట్రింగు పని. ఎండలనే. వచ్చిన మొదటి నెలల జీతం రాలే, అమ్మ రోజు ఏడ్చేది. అప్పుడు గీడ ఫొటో దిగి పంపిన. గిండ్లనే పని చేస్తున్ననుకున్నది. నేను కాదనలే. ఇప్పుడు రెండేండ్లాయె" అన్నాడు. ఏజెంటుకిచ్చిన అప్పు ఇంకా సగము ఉన్నదట. నిరుటి వేసవిలో ఎండదెబ్బకు పడిపోయి మూడు దినములు ఆసుపత్రిలో ఉన్నాడట. "అమ్మకు చెప్పకుండ్రి, షుగరున్నది ఆమెకు" అన్నాడు.

స్వెటరు ఇచ్చాము. చొక్కా మీద తొడుగుకొని, అద్దమునకు చెయ్యి ఆనించి నిలబడి, "ఒక ఫొటో తియ్యుండ్రి అయ్యగారు, అమ్మ ఖుషైతది" అన్నాడు. మేమే తీసితిమి. ఆ సంగతి ఇక్కడ దాచుట న్యాయము కాదు.

తిరిగి వచ్చిన తరువాత మంచు ఆటలను గూర్చి కొంత చదివాము. నిజమైన పర్వతములలో స్కీయింగు జరిగే చోట్ల ప్రతి ఉదయము ఒక నివేదిక ఇస్తారు. రాత్రి ఎన్ని సెంటీమీటర్ల కొత్త మంచు పడినది, అడుగున మందమెంత, గాలి ఎట్లున్నది, ఏ దారి తెరచినారు, ఏది మూసినారు అని. కొత్త మంచు పడిన ఉదయము ఆటగాళ్లకు పండుగ. కాని పాత పొరను కొత్త పొర ఇంకా పట్టుకొని ఉండదు గనుక కొండవాలు మొత్తము జారి పడే ప్రమాదమూ అప్పుడే ఎక్కువ. 2024 జనవరిలో కాశ్మీరులోని గుల్మార్గ్‌లో మంచు లేక గడ్డి కనబడినదని పత్రికలు వ్రాసినవి. ఫిబ్రవరిలో విస్తారముగా పడినది, ఆ నెలలోనే మంచుచరియ విరిగిపడి ఒక విదేశీ ఆటగాడు మరణించాడు. అందుచేత ఆ ఉదయపు నివేదికలో సంతోషపెట్టుటకు ఒక్క సెంటీమీటరు కలిపినా నేరమే. మన పిల్లలు గల్ఫు నుండి దినదినము ఇంటికి చేసే ఫోనులో "మంచిగున్న" అనేది ఒక్కటే నివేదిక. అవతలివారు దానినే నమ్ముకొని ఉంటారు.

ఆ తల్లి మందిరపు వాకిట అడిగినప్పుడు మేమును "బాగున్నాడమ్మా" అని ఊరుకొన్నాము. ఆమె ఇంటికి మాత్రము వెళ్లలేదు. సెప్టెంబరు పోయినది, క్రిస్మసు పోయినది. కోతకాలములో మంచు చల్లదనము ఎట్టిదో, నమ్మకమైన దూత తనను పంపినవారికి అట్టివాడని సొలొమోను చెప్పిన సామెత మీద ఒక ఆదివారము వాక్యము చెప్పవలసి వచ్చినది. చెప్పుచున్నంతసేపు ఆమె మూడవ వరుసలో కూర్చుండి మా వైపే చూచుచున్నది. ఆ దినము మా ప్రసంగము త్వరగా ముగిసినది.

జనవరిలో ఒక ఉదయము మేమిద్దరము ఆమె ఇంటికి వెళ్లాము. పది అడుగుల అవతల మనిషి కనబడనంత మంచు. ఆమె అరుగు మీద చేటలో తునికాకు కత్తిరించుచున్నది. చాప వేసి, చాయ పెట్టి ఇచ్చినది. ఎక్కడ మొదలుపెట్టవలెనో తెలియక మంచు సంగతి, మామిడి పూత సంగతి మాట్లాడాము. చివరకు మా భార్యయే, "అక్కా, నీ కొడుకు సంగతి ఒకటి చెప్పాలె" అన్నది.

ఆమె కత్తెర పక్కన పెట్టి, ఫోనులో మేము తీసిన ఫొటోనే తెరచి, రెండు వేళ్లతో పెద్దది చేసినది. కుమారుని ముఖము కాదు, అద్దము మీది చెయ్యి.

"గీ చెయ్యి సూడుండ్రి అయ్యగారు. నల్లగ మాడిపోయింది, గోర్లు పగిలినయి. మంచుల ఉన్నోని చెయ్యి గిట్లుంటదా? మొదటి ఫొటోలనే సూసిన నేను."

"మరి స్వెటరు?"

"వాడు సంబురంగ చెప్పుతుంటే ఎట్ల కాదందు? స్వెటరిస్తే నేను నమ్మిన్ననుకుంటడు, మనసు నిమ్మలంగ ఉంటడని."

మేము ఎండదెబ్బ సంగతి, ఆసుపత్రి సంగతి, అప్పు సంగతి దాచక చెప్పాము. ఆసుపత్రి అన్నప్పుడు మాత్రము కొంగు నోటికి అడ్డము పెట్టుకొన్నది. తరువాత అప్పు ఎంత మిగిలినదో రెండుసార్లు అడిగి, లోపలికి పోయి బీడీల లెక్కల పుస్తకము తెచ్చి, దాని అట్ట మీద వ్రాయుమన్నది. వ్రాశాము.

ఎనిమిది గంటలైనా బయట మంచు విడువలేదు. అక్కడ అప్పటికి ఆరున్నర, కంపెనీ బస్సు ఎక్కే వేళ. ఆమె కుమారుని నంబరు నొక్కి ఫోను మా చేతిలో పెట్టి, "నాకు ఎరుకేనని మీరే చెప్పుండ్రి. తర్వాత నాకియ్యుండ్రి" అన్నది.