నాలుగు రాత్రుల కౌలు

వేసవి సెలవులు రాగానే మధ్యతరగతి గృహస్థుకు రెండు దిగుళ్ళు పట్టుకుంటాయి. ఒకటి ఎండ. రెండవది, ఆ ఎండ తప్పించుకొనేందుకు ఎక్కడికైనా వెళదామని పిల్లలు పెట్టే పోరు. మా డోంగ్లిలో ఈ రెండూ కొంచెం ఎక్కువే. నేను పాఠాలు చెప్పే బాన్సువాడ దాటి, మద్నూరు వైపు వెళితే, మహారాష్ట్ర, కర్ణాటకలు రెండూ చేరువైన మూలన ఉన్నది మా ఊరు. 2022లో మండల కేంద్రమయింది. పత్తీ సోయా పండే నల్లరేగడి నేల. చూపు ఆనినంత మేర చదును. మా వైపు అంగళ్ళలో తెలుగు, మరాఠీ, కన్నడం మూడూ వినిపిస్తాయి గాని, కొండ అనే మాటతో మాకు ఏ భాషలోనూ అట్టే పని పడదు. అందుకే కాబోలు, మా పిల్లలకు కొండ మీదనే ప్రాణం.

ఈసారి కొడగు వెళ్ళాలని తీర్మానించారు. మే మాసంలో అక్కడి విడిది ధరలు విచారించి నేను తీర్మానాన్ని వాయిదా వేశాను. అప్పుడు మా కాలేజీలో ఒక మిత్రుడు, "మా మేనమామ దగ్గర పాయింట్లు మురిగిపోతున్నవి, అడుగుదునా?" అన్నాడు.

పాయింట్లంటే ఏమిటో పాఠకులలో కొందరికి తెలిసే ఉంటుంది. ఒక విడిదిని ఒక్కరే కొనలేరు గనుక, పలువురు సొమ్ము వేసికొని ఏటా కొన్ని రోజుల హక్కును పంచుకుంటారు. స్విట్జర్లాండులో 1963లో పుట్టిన హపిమాగ్ సంస్థ ఇట్టి ఏర్పాటుకు ఆద్యులలో ఒకటి. మన దేశంలో 1986లో స్టెర్లింగ్, 1996లో మహీంద్రా హాలిడేస్ వచ్చాయి. రోజులకు బదులు పాయింట్లిచ్చే పద్ధతిలో, గది పెద్దదయినా, రద్దీ కాలమయినా ఎక్కువ పాయింట్లు ఖర్చవుతాయి. గడువులోగా వాడుకోనివి పోతాయి. వాడుకున్నా మానినా ఏటా నిర్వహణ రుసుము మాత్రం కట్టవలసిందే.

మిత్రుని మేనమామ హైదరాబాదులో ఉండే విశ్రాంత బ్యాంకు ఉద్యోగి. పాతికేళ్ళ సభ్యత్వం కొన్నారు. అందులో పదేళ్ళయినా తిరగకముందే భార్య పోయింది. పిల్లలు అమెరికాలో ఉన్నారు. "ఒక్కణ్ణీ పోయి ఏం చేస్తానండీ? రుసుము కట్టటం ఒక్కటే మిగిలింది," అన్నారు ఫోనులో. ఆ ఏటి రుసుముకు సరిపడే రూ. 24,000 ఇస్తే నాలుగు రాత్రులు మాకు ఇప్పిస్తామన్నారు. హోటలు వారు చెప్పిన ధర దానికి దాదాపు రెట్టింపు.

మా అమ్మకు ఇది నచ్చలేదు. "ముక్కు మొఖం ఎరుకలేనోళ్ళ పేరు మీద మనం బోయి ఉండుడేంది బిడ్డా?" అన్నది.

"పొలం కౌలుకు తీసుకోమా అమ్మా? ఇదీ అంతే," అన్నాను.

"పొలం మన కండ్ల ముంగట ఉంటది."

ఆమె మాటలో నిజం లేకపోలేదు. అసలు కౌలు అనేది అరబ్బీ నుంచి వచ్చిన పదం. దానికి మూలార్థం మాట, వాగ్దానం అని. భూమి విషయంలో ఆ మాటకు గట్లూ ఇరుగుపొరుగులూ సాక్షి. ఎక్కడో కొండ మీది గదికి సాక్షి ఎవరు? కాగితమే కావాలి.

కాబట్టి నాలుగు సంగతులు ముందే తేల్చుకున్నాము. కొన్ని క్లబ్బులు బంధుమిత్రులను పంపనిస్తాయి గాని, పాయింట్లు బేరం పెట్టటాన్ని ఒప్పుకోవు. అందుచేత ఆయన తన క్లబ్బునే అడిగారు. అతిథి రుసుము కట్టి పంపవచ్చునని, ఖర్చు పంచుకోవటం మా సొంత వ్యవహారమని చెప్పారట. రెండవది, పాత రుసుము బకాయి లేదని రసీదు చూపించారు; బకాయి ఉంటే గది చేజారే ప్రమాదమున్నది. మూడవది, ఖరారు పత్రంలో మా అయిదుగురి పేర్లూ వ్రాయించారు. ఆ పత్రం నంబరుతో నేనే విడిదికి ఫోను చేసి నిజమేనని తెలిసికొన్నాను. నాలుగవది డబ్బు: సగం ఖరారయిన రోజున, సగం తాళంచెవి చేతికొచ్చిన తరువాత. ప్రయాణం మానుకుంటే ఏమిటన్నది కూడా వ్రాసుకున్నాము. భోజనాల ఖర్చు వేరుగా ఉంటుందని అప్పుడే తెలిసింది. మా ఆవిడ వెంటనే కారప్పొడి, పచ్చళ్ళు, సకినాలు మూటకట్టింది.

హైదరాబాదు నుంచి రైలులో మైసూరు, అక్కడి నుంచి సుమారు 120 కిలోమీటర్లు కారులో మడికేరి. కుశాలనగర దాటగానే దారి మెలికలు తిరిగింది. పొడుగాటి చెట్ల నీడన కాఫీ తోటలు, ఆ చెట్లను చుట్టుకొని మిరియపు తీగలు. మడికేరి సముద్రమట్టానికి సుమారు 1,150 మీటర్ల ఎత్తున ఉన్నది. మధ్యాహ్నం ఒక జల్లు కురిసి వెలిసింది. మే నెలలో శాలువా కప్పుకోవటం మా అమ్మకు జీవితంలో మొదటిసారి.

విడిదిలో గుమాస్తా మా కాగితాలు చూస్తున్నంతసేపూ ఆమె మూట మీద చేయి తీయలేదు. అతడు సభ్యుని పేరు చెప్పి, "వారి అతిథులు కదూ, రండి" అన్నప్పుడు గాని ఆమె ముఖం తేటపడలేదు. "కిరాయిదారులం గాదన్నట్టు, సుట్టాలం," అన్నది.

మూడవనాడు తలకావేరి వెళ్ళాము. మడికేరికి సుమారు 48 కిలోమీటర్లు. బ్రహ్మగిరి కొండ వాలున ఒక చిన్న కుండిక. కావేరి అక్కడ పుడుతుందని నమ్మకం. మంజీర ఒడ్డున పుట్టి పెరిగిన మా అమ్మ చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడి, "పుట్టినప్పుడు ఇంత సిన్నగుంటదా!" అన్నది. తరువాత రెండు సీసాలలో తీర్థం పట్టించింది. రెండవది ఎవరికని అడిగితే, "మనల పంపినాయనకు," అన్నది.

తిరుగు ప్రయాణంలో హైదరాబాదులో ఆయన ఇంటికి వెళ్ళాము. అప్పటిదాకా ఫోనులో గొంతే గాని మనిషిని చూసి ఎరుగము. సీసా అందుకొని, గోడ మీది ఫొటో కింద పెట్టి, "తలకావేరి చూపిస్తానని రెండుసార్లు టిక్కెట్లు కొన్నాను, సాగలేదు," అన్నారు. ఎవరమూ ఏమీ మాట్లాడలేదు. పిల్లలు మాత్రం మంచు, కాఫీ తోటలు, కోతులు అంటూ ఏకధాటిగా వర్ణించసాగారు. ఆయన అన్నీ అడిగి అడిగి చెప్పించుకున్నారు.

లేవబోతుంటే, వచ్చే ఏడు కూడా పాయింట్లు మీకే ఇస్తానన్నారు. మా అమ్మ గడప దగ్గర ఆగింది.

"అట్లయితే మాకద్దు అన్నా. మీరు గూడ మాతోని వస్తనే పోతం."

ఆయన నవ్వి, ఏ గది తీసికొంటే ఆరుగురు పడతారో లెక్క చూడటానికి కళ్ళద్దాలు వెతుక్కున్నారు.