డాబా మీద గని

ఈసీఐఎల్ చౌరస్తా నుంచి రెండు సందులు తిరిగేసరికి వాన పట్టుకుంది. ఇల్లు వెతకాల్సిన అవసరం రాలేదు. వాన చప్పుడును కూడా మింగేస్తూ పైనుంచి ఒక రొద. పక్కింట్లో ఎవరో మిక్సీ వేసి మరిచిపోయారనుకున్నాను.

“మావోనిదే అన్నా” అంది ఆ ఇంటి తల్లి, టీ గ్లాసు చేతికిస్తూ. “మీరన్న చెప్పుండ్రి. గా డబ్బాల పిచ్చి ఎప్పుడు పోతదో.”

ఆమె కొడుక్కి ముప్పై దాటలేదు. లాప్‌టాప్ బోర్డులు బాగుచేస్తాడు. నాలుగైదేళ్ళుగా బిట్‌కాయిన్ యంత్రాలూ రిపేరుకు వస్తున్నాయట. ఇంట్లో పెట్టుకోడానికి ఏది మంచిదో అడిగేవాళ్ళు అంతకంటే ఎక్కువ. నేను వెళ్ళిందీ ఆ పనిమీదే. మా మేనల్లుడు ఒకటి కొని తీరతానంటున్నాడు. వాడి జీతం, వాడి ఇష్టం. కరెంటు బిల్లు మాత్రం మా అక్క పేరు మీద వస్తుంది.

డాబా మీద రేకుల గది. బల్ల మీద హాట్ ఎయిర్ గన్ను, భూతద్దం, విడదీసిన బోర్డులు. “దూది పెట్టుకోండి సార్” అని రెండు ఉండలిచ్చాడు. చూస్తే అతని చెవుల్లో అప్పటికే ఉన్నాయి.

రొద చేస్తున్నది బిట్‌మెయిన్ వాళ్ళ ఆంట్‌మైనర్ ఎస్9. 2016లో వచ్చిన మోడల్. చెప్పుల డబ్బా అంత పెట్టె, ముందొక ఫ్యాను, వెనకొక ఫ్యాను, లోపల మూడు బోర్డుల మీద 189 చిప్పులు. గని అంటారు గానీ తవ్వేదేమీ లేదు. ఒక సంఖ్యను మార్చి మార్చి ఒకే లెక్కలో వేస్తూ, జవాబు కావలసినంత చిన్నదిగా వచ్చిందా అని చూసుకోవడం. ఈ పెట్టె ఆ పని సెకనుకు పదమూడున్నర లక్షల కోట్ల సార్లు చేస్తుంది. వాళ్ళ భాషలో 13.5 టెరాహాష్‌లు.

నేను ఆ అంకె దగ్గరే నోరు తెరిచాను. అతను నా దృష్టిని గోడవైపు తిప్పాడు. ప్లగ్గుకీ సాకెట్టుకీ మధ్య చిన్న మీటరు పెట్టి ఉంది. 1,350 వాట్లు.

“బండి కొనేటప్పుడు మైలేజీ అడుగుతం గద సార్. దీనికీ అంతే. ఒక్కో టెరాహాష్‌కి ఎన్ని వాట్లు తాగుతది? వచ్చినోళ్ళు అదొక్కటి అడగరు.”

ఎస్9 వంద వాట్లు తాగుతుంది. 2020 నాటి ఎస్19 ప్రో 110 టెరాహాష్‌లకు 3,250 వాట్లు, అంటే ముప్పైకి కాస్త తక్కువ. ఎస్21 అయితే 200కు 3,500, పదిహేడున్నర. ఇది ఇంకా అతని బల్ల మీదకు రాలేదు, కాగితం మీది లెక్కే.

తర్వాత పాత డైరీ తీశాడు. కూడికలు అతనివి, సరిచూసుకున్నది నేను. 2024 ఏప్రిల్ నుంచి పది నిమిషాలకోసారి, సరైన జవాబుతో ఒక బ్లాకు పూర్తయినప్పుడల్లా, లోకంలో ఎవరో ఒకరికి 3.125 బిట్‌కాయిన్లు దక్కుతున్నాయి. రోజుకు సుమారు 450. ప్రపంచంలోని యంత్రాలన్నీ కలిపి వంద కోట్ల టెరాహాష్‌లు అనుకుని, నాణెం ధర 85 లక్షలు అనుకుని, ఎవరి శక్తికి తగ్గ వాటా వాళ్ళకు పంచాడు. కరెంటు యూనిట్ పది రూపాయలు. నెలకు 800 దాటాక వాడిన ఒక్కో యూనిట్‌కు తెలంగాణలో ఇళ్ళకు పడే రేటు అది.

ఎస్9 రోజుకు 52 రూపాయలు తెస్తుంది, 324 తింటుంది. ఎస్19 ప్రో తెచ్చేది 420, తినేది 780. అంత గొప్ప ఎస్21 కూడా 765 తెచ్చి 840 మింగుతుంది. ఈ నష్టం కూడా అలాగే నిలవదు. ప్రతి 2,016 బ్లాకులకు, అంటే రెండు వారాలకోసారి, లోకంలో యంత్రాలు పెరిగినకొద్దీ లెక్క కఠినమవుతుంది. కొన్ననాటి జోరుతోనే పెట్టె తిరుగుతుంటుంది, వాటా మాత్రం తరుగుతుంది. ఒకవేళ లాభం వచ్చినా, 2022 ఏప్రిల్ నుంచి దాని మీద 30 శాతం పన్ను. యంత్రానికి పెట్టిన ఖర్చును కొన్న ధర కింద చూపడం కుదరదని కేంద్రం పార్లమెంటులోనే చెప్పేసింది.

“అయినా కొంటున్నారుగా?”

“కొంటరు. ఎండకాలంల నాకే అమ్ముతరు.”

అతను నవ్వలేదు. తిన్న కరెంటంతా చివరికి వేడిగానే బయటికొస్తుంది. ఎస్19 ప్రో వదిలే వేడిని తోడాలంటే ఒక టన్ను ఏసీ దాదాపు పూర్తిగా దానికే సరిపోతుంది. చలిదేశాల్లో ఇదే వేడి గదికి పనికొస్తుంది. కెనాన్ కంపెనీ 800 వాట్ల అవలాన్ మినీ 3ని ఇంటి హీటరుగానే అమ్ముతోంది. అక్కడైతే ఎలాగూ హీటరుకు బిల్లు కట్టాలి, నాణేల చిల్లర అదనం. మనకు రెండోసారి బిల్లు, ఏసీది.

మూలన అల్యూమినియం చట్రం ఒకటి, ఆరు గ్రాఫిక్స్ కార్డులు తగిలించే రకం, ఖాళీగా ఉంది. ఆ కార్డులతో తవ్విన మరో నాణెం, ఎథీరియం, 2022 సెప్టెంబరు 15న తవ్వకానికి స్వస్తి చెప్పింది. కార్డులు గేములాడే పిల్లలకు పోయాయి. చట్రం మీద ఇప్పుడు గొడుగు వేలాడుతోంది.

చివరికి బల్ల సొరుగులోంచి అరచేతిలో పట్టే బోర్డు తీశాడు. బిట్‌యాక్స్ గామా. ఒకటే చిప్పు, బుల్లి తెర, గుసగుసలాడే ఫ్యాను. డిజైన్ అందరికీ తెరిచి పెట్టినది కాబట్టి ఎవరైనా చేసుకోవచ్చు. 1.2 టెరాహాష్‌లు, 17 వాట్లు. రోజుకు కరెంటు నాలుగు రూపాయలు, పదిమందితో కలిసి పంచుకుంటే రాబడి నాలుగున్నర. ఆ గదిలో లాభం చూపించిన యంత్రం ఇదొక్కటే. కొన్న ధర ఎన్నేళ్ళకు తిరిగొస్తుందో అతను వేయలేదు, నేనూ అడగలేదు. ఒంటరిగా ఆడి 3.125 మొత్తం కొట్టాలంటే సగటున పదహారు వేల ఏళ్ళు పడుతుంది.

“మీ మేనల్లునికి ఇది చాలు సార్. ఎట్ల పనిచేస్తదో తెలుస్తది, ఇంట్ల లొల్లి ఉండదు.”

ఆ మాట నమ్మాలనిపించింది. పెద్ద యంత్రం అమ్మిస్తే అతనికి నాలుగు డబ్బులు మిగిలేవి కదా.

ఎస్9ను రిపేరు చేశాక రెండు గంటలు నడిపి చూస్తేనే గిరాకీకి అప్పగిస్తాడు. గడువైంది. స్విచ్ వైపు చెయ్యి చాపాడు. అప్పుడు గమనించాను, పెట్టె వెనక వేడిగాలి కొట్టేచోట అడ్డంగా తాడు కట్టి ఉంది. తాడు నిండా బట్టలు. మెట్ల మీద నుంచి తల్లి గొంతు వినిపించింది.

“ఆగు బిడ్డా, ఇంకో పది నిమిషాలు నడవనియ్యి. జీన్ ప్యాంటు ఆరలే.”

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మీటరు వంక చూసి నేను లెక్కవేశాను. రెండుంబావు రూపాయలు.