బాటసారి మీద వేసిన పన్ను ఎవరికి తగులుతుంది?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం – ఈ మూడు ఊళ్లకూ సముద్రం చాలా దూరం. అయినా ఇటీవల ఈ దారిని తిరుగుతున్నప్పుడు, ఇంగ్లండు సముద్రతీరంలో జరిగిన ఒక సంగతి మాకు పదే పదే జ్ఞాపకం వచ్చింది.

అక్కడి సామాన్య కుటుంబాలు సెలవులు గడపడానికి క్యారవాన్ అనే చిన్న ఇంటిని కొని తీరాన నిలుపుకుంటాయి. 2012 మార్చిలో అక్కడి ప్రభుత్వం, అంతవరకు పన్ను లేని పెద్ద క్యారవాన్ల మీద 20 శాతం వేస్తామని ప్రకటించింది. వాటిని తయారుచేసే హల్ ప్రాంతంలో గగ్గోలు పుట్టింది. క్యారవాన్లు తగ్గితే కార్మికునికి పని తగ్గుతుంది, తీరంలోని రొట్టెల కొట్టుకూ చేపల అంగడికీ బేరం తగ్గుతుంది. ప్రభుత్వం దిగివచ్చింది. 2013 ఏప్రిల్ నుండి 5 శాతమే అమలుచేసింది.

మన దగ్గరకు వద్దాం. బెంగుళూరు నుండి వచ్చే యాత్రికులు కొడికొండ చెక్‌పోస్టు దగ్గర మలుపు తిరిగి లేపాక్షికి చేరుతారు. వీరభద్రాలయం, వేలాడే స్తంభం, ఏకశిలా నంది చూస్తారు. బైబిలు చదివే మనకు సుంకపు మెట్టు అనే మాట కొత్తది కాదు. పొరుగు రాష్ట్రపు బాడుగ బండి సరిహద్దు దాటినప్పుడల్లా పన్ను కట్టవలసి వస్తే, ఆ డబ్బు ప్రయాణికుని చేతినుండే వస్తుంది. అఖిల భారత టూరిస్టు పర్మిటు విధానం 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం బండి యజమాని రుసుమును ఒకేచోట కడితే, అది రాష్ట్రాలకు పంపకమవుతుంది. సరిహద్దులో ఆగే పని తగ్గితే ఆ గంట లేపాక్షికి మిగులుతుంది. అప్పుడు ఎళనీరు అమ్మే అమ్మకు ఇంకో నాలుగు కాయలు చెల్లుతాయి.

లేపాక్షికి దాదాపు 15 కిలోమీటర్లలో హిందూపురం ఉంది. రాత్రి ఆగేవారికి ఇక్కడ లాడ్జీలున్నాయి. రోజుకు వెయ్యి రూపాయల లోపు గదికి 2022 జూలై 18 వరకు జిఎస్‌టి లేదు. ఆనాటి నుండి 12 శాతమైంది. 2025 సెప్టెంబరు 22 నుండి 5 శాతానికి దిగింది. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారమున్న చిన్న లాడ్జీ దీన్ని వసూలు చేయనక్కరలేదు. అయితే అది కొనే సబ్బు, సున్నం, దుప్పట్లలో పన్ను కలిసే ఉంటుంది.

పెనుకొండ కథ వేరు. 1565లో తళ్లికోట యుద్ధం తరువాత విజయనగర రాజులు రాజధానిని ఇక్కడికి మార్చుకున్నారు. గగన్‌మహల్ నేటికీ నిలిచి ఉంది. కాని పెద్ద రోడ్డున పోయే బండ్లు కొండను చూస్తూ దాటిపోతాయి. ఆగని బాటసారి మీద ఎంత పన్ను వేసినా ఊరికి వచ్చేదేముంది?

ధర్మవరంలో యాత్రికుడు పట్టుచీర కొంటాడు. పట్టునూలు మీద 5 శాతం, చీర మీద 5 శాతం. రిజిస్టరైన వర్తకుడు నూలు మీద కట్టినదాన్ని చీర పన్నులో సర్దుకోగలడు. రిజిస్టరు కాని చిన్న నేతగాడు సర్దుకోలేడు. ఆ భారం అతని మగ్గం మీదే నిలిచిపోతుంది.

2025లో మన రాష్ట్ర ప్రభుత్వం కూడా క్యారవాన్ పర్యాటకానికి ఒక విధానం తెచ్చింది. తొలుత వచ్చే క్యారవాన్లకు జీవితపన్నులో ఊరట అందులో ఒక అంశం. మంచిదే. అయితే క్యారవాన్‌లో వచ్చినవారు అందులోనే వండుకొని, అందులోనే పడుకుంటే లాడ్జీకి ఏమి మిగులుతుంది? బండిని నిలిపే చోటు ఊరికి దగ్గరగా ఉండాలి. పాలు, కూరగాయలు, టిఫిను ఊరిలో కొనాలి. అప్పుడే వదులుకున్న పన్నుకు ఫలితం కనబడుతుంది.

పన్ను వద్దని మేము అనడం లేదు. రోడ్డు, మంచినీళ్లు, మరుగుదొడ్డి పన్నుతోనే వస్తాయి. కాని పన్ను కట్టేవాడు ఒకడు, దాని దెబ్బ తినేవాడు మరొకడు కావచ్చు. పన్ను వేసేవారు ఎళనీరు అమ్మే అమ్మనూ, మగ్గం దగ్గరి నేతగాణ్ణీ తలచుకోవాలి. ప్రియ పాఠకులారా, మీరు ఈ దారిన వస్తే పెనుకొండలో ఒక పూట ఆగండి. చీర కొంటే రసీదు అడగండి. నేసినవాని ఇంటివద్దే కొంటే గీచి గీచి బేరమాడకండి.