రవికె మీది రూపాయిలు

మన తండా ఆడోళ్లు రవికెకు రూపాయి బిళ్లలు సోకు కోసమే కుట్టుకున్నారని చాలామంది అంటారు. లెక్క చూడండి. కుంపిణీ 1835లో తెచ్చిన రూపాయి తులం బరువు. పన్నెండు పాళ్లలో పదకొండు వెండి. టంకశాలలో ఎవరు వెండి ఇచ్చినా కాస్త కూలి పట్టుకుని రూపాయిలు కొట్టిచ్చేవాళ్లు. అంటే కాలి కడియమూ డబ్బే. 1893లో అది ఆపేశారు. లండన్‌కు కట్టే బాకీలకు రూపాయి విలువ పడకూడదు కదా! బిళ్ల విలువ నిలిచింది, కడియం వెండి ధర పడింది. శిస్తు మాత్రం రూపాయిల్లోనే కట్టాల. కరువులో కడియాలు అమ్ముకున్నోళ్లకు ఏం మిగిలుంటుంది? బిళ్లలున్నోళ్లు కాస్త నయం.

1940లో రూపాయిలో వెండి సగమైంది, 1947లో నికెల్ వచ్చింది. గార్లదిన్నెలో మా అవ్వ దగ్గర పాత బిళ్లలు నాలుగున్నాయి. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు. ఫీజుకు వాటిని అమ్మేద్దామంటాంది. నేనింకా సరే అనలేదు.