నోటు వెనక చెల్లు

మా నాయన ట్రంకుపెట్టెలో, పట్టాదారు పాసు పుస్తకం కింద, చినిగిన ప్రోనోటు ఒకటి ఉంది. 2012లో రాసింది. పులివెందుల దగ్గర మాకున్న ఏడెకరాల్లో చీనీ చెట్లకు నీళ్లిచ్చే బోరు ఎండిపోతే, కొత్త బోరు కోసం ఊళ్లో ఒకాయన దగ్గర లక్ష రూపాయలు తెచ్చుకున్నాడు. వడ్డీ నెలకు నూటికి రెండు రూపాయలు. ముందువైపు రెవెన్యూ స్టాంపు ఉండాల్సిన చోట ఇప్పుడు చిరుగే ఉంది. చూడాల్సింది వెనకవైపు. వేరుశనగ అమ్మినప్పుడు ఐదు వేలు, దూడను అమ్మినప్పుడు మూడు వేలు, ఇంకోసారి రెండు వేలే. ఒక్కో జమకు ఒక్కో వరస. తేదీ, ఈ నోటు బాపతు చెల్లు ఇంత అని ఒక ముక్క, దాని కింద నాయన వంకర సంతకం.

ప్రోనోటు ఆయుష్షు మూడేళ్లు. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం ఆలోపల కోర్టుకు పోకపోతే దావా నిలవదు. దాన్నే కాలదోషం పట్టడం అంటారు. అందుకే మూడో ఏడు వచ్చేసరికి అప్పిచ్చినాయన గుమ్మంలో ఉంటాడు. ఆయనకు రెండు దారులు. కొత్త నోటు తిరగరాయించుకోవడం ఒకటి, పాత నోటు వెనక చెల్లు వేయించుకోవడం ఇంకొకటి. గడువులోగా ఎంతో కొంత కట్టి, కట్టినట్టు సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. ఇచ్చినాయనకు రెండూ రక్షణే. తెచ్చుకున్నవాడికి మాత్రం రెండూ ఒకటి కాదు. తిరగరాసినప్పుడల్లా మూడేళ్ల వడ్డీ అసల్లో కలుస్తుంది. లక్ష రూపాయలు మూడేళ్లకు 1,72,000 అవుతుంది, ఆరేళ్లకు 2,95,840, తొమ్మిదేళ్లకు ఐదు లక్షలు దాటిపోతుంది. తిరగరాయకుండా బారు వడ్డీ లెక్కేస్తే అదే తొమ్మిదేళ్లకు 3,16,000. తేడా లక్షా తొంభై వేల పైమాటే.

మా నాయన ఐదో తరగతి దాటలేదు. ఈ లెక్క మాత్రం ఆయనకు నోటికి వచ్చు. "తిరగరాయను. ఇంత ఇస్తా, చెల్లు వేసుకో" అనేవాడు. ఆయన కొడుకునైన నేను కర్నూలులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. అప్పుల దగ్గర లెక్క తప్పింది నేనే.

2018 కరువులో రెండు బోర్లు వేయించాం. ఎనిమిది వందల అడుగులు పోయినా దుమ్మే లేచింది. నాయన పేరున పంట రుణం అప్పటికే వాడేసుకున్నాం. నా జీతం చూపించి 16 శాతానికి రెండు లక్షల పర్సనల్ లోన్ తీసుకున్నాను. కేసింగ్ పైపులు, మోటారు క్రెడిట్ కార్డు మీద వచ్చాయి. 2020 మార్చిలో కాలేజీ మూతపడింది, జీతం నిలిచింది. రిజర్వు బ్యాంకు ఆగస్టు 31 వరకు మారటోరియం ఇచ్చింది. కిస్తీ ఆగింది, వడ్డీ ఆగలేదు. సెప్టెంబరు నుంచి కిస్తీలు తప్పాయి. తొంభై రోజులు దాటాక బ్యాంకు లెక్కలో నాది మొండి బాకీ. కార్డు మీద వడ్డీ నెలకు మూడున్నర శాతం అని చెబితే నాయన నా మొహంలోకి అట్లే చూశాడు. "మూడున్నర రూపాయల వడ్డీనా? మన ఊరాయనే ధర్మప్రభువు గదరా!"

వసూలు ఫోన్లు తెల్లారి ఆరున్నరకే మొదలయ్యేవి. ఒకరోజు మా ప్రిన్సిపాల్‌కు చేశారు, ఇంకోరోజు మా బామ్మర్దికి. సిగ్గుతో సిమ్ మార్చేశాను. అది మొదటి తప్పు. బ్యాంకు నుంచి రావాల్సిన మెసేజీలు కూడా దాంతోపాటే పోయాయి. ఫోను కలవకపోయేసరికి ఒక మధ్యాహ్నం వసూలు పిల్లోడు కడప నుంచి మోటారు సైకిలు మీద ఏకంగా మా ఊరికే వచ్చాడు. నేను లోపలి గదిలో తలుపు వెనక నిలబడి ఉన్నాను. నాయన వసారాలో ఉన్నాడు.

"మీ కొడుకు ఉన్నాడా పెద్దాయనా?"

"ఉన్నాడు. ముందు నువ్వు కూర్చో అబ్బీ, ఎండన పడి వచ్చినావు."

మజ్జిగ వచ్చింది. పిల్లోడు తాగాడు. నాయన నిదానంగా అడిగాడు. "నిన్ను ఎవరు పంపినారు?"

"బ్యాంకోళ్లు."

"పంపినట్టు కాగితం ఉండాల్ల గదా. చూపీ."

మెడలో కార్డు చూపించాడు. కాగితం ఫోన్‌లో ఉందన్నాడు, వెతికాడు, దొరకలేదు.

"సరే, మావోడు డబ్బు కడితే చెల్లు ఎవరు వేస్తారు? నువ్వా?"

"నాకు ఆ అధికారం లేదు పెద్దాయనా. ఆఫీసోళ్లు వేస్తారు."

"అట్లయితే మావోడు ఆఫీసోళ్లతోనే మాట్లాడతాడు. నువ్వు చల్లపడినాక పో."

ఆ పిల్లోడు గొడవ చేయలేదు. డిగ్రీ చదివి కమీషన్ మీద బతుకుతున్నాడు, వాడికీ ఇంటి దగ్గర ఒక నాయన ఉంటాడు. నేను తర్వాత చదివి తెలుసుకున్నదేమిటంటే, వసారాలో కూర్చుని నాయన అడిగినవి రిజర్వు బ్యాంకు నియమాలే. వసూలుకు వచ్చే మనిషి దగ్గర గుర్తింపు కార్డు, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం ఉండాలి. ఏ ఏజెన్సీకి అప్పజెప్పిందో బ్యాంకు మనకు ముందే తెలపాలి. 2022 ఆగస్టు 12 నాటి సర్క్యులర్ ఇంకా తేటగా చెప్పింది. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదు. బెదిరించకూడదు. బంధువులను, స్నేహితులను ఇబ్బంది పెట్టకూడదు. ఇలాంటివి జరిగితే సిమ్ మార్చడం మందు కాదు. తేదీ, సమయం, నంబరు రాసిపెట్టుకుని బ్యాంకుకు లిఖితంగా ఫిర్యాదు ఇవ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు. దానికి ఖర్చేమీ లేదు. వివరాలకు 14448 నంబరు ఉంది.

చెల్లు ఎవరు వేస్తారని నాయన అడిగిన చివరి ప్రశ్న నాకు ఎక్కలేదు. అది రెండో తప్పు. 2022లో జీతం గాడిన పడ్డాక పర్సనల్ లోన్‌లో 1,18,000 మిగిలి ఉంటే, 70,000 ఒకేసారి కడితే చాలని ఫోన్‌లో బేరం కుదిరింది. మా ఆవిడ గాజులు ప్రొద్దుటూరులో అమ్మి కట్టాం. కార్డు బాకీ 38,000 రెండు దఫాలుగా పూర్తిగా కట్టాను. "క్లోజ్ అయిపోయింది సార్" అన్నారు. ఆ మాట విని రెండేళ్లు సుఖంగా నిద్రపోయాను. చెల్లు కాగితం ఒక్కటీ తీసుకోలేదు.

2024లో మా అమ్మాయికి ఇంజినీరింగ్ సీటు వచ్చింది. విద్యా రుణానికి తండ్రి సహ రుణగ్రహీత. బ్యాంకులో మేనేజరు నా రిపోర్టు తీసి, తెరను నా వైపు తిప్పాడు. 300 నుంచి 900 మధ్య ఉండే స్కోరులో నాది 561. దాని కింద నెలనెలా గడులు. సకాలంలో కట్టిన నెలల్లో మూడు సున్నాలు, ఆ తర్వాత 030, 060, 090. ఎన్ని రోజులు ఆలస్యమైతే అంత అంకె. నాయన నోటు వెనక చూసినట్టే ఉంది, కాకపోతే ఇక్కడ రాసింది వాళ్లు, సంతకం అడగలేదు. లోన్ పక్కన సెటిల్డ్ అని, కార్డు పక్కన రిటెన్ ఆఫ్ అని ఉంది.

రాయలసీమ చెవికి ఈ రెండు మాటలూ మాఫీలాగే వినిపిస్తాయి. తరతరాలుగా మేం విన్నది అదే. 1938లో రాజాజీ ప్రభుత్వం మద్రాసు ప్రెసిడెన్సీలో తెచ్చిన రైతు రుణ ఉపశమన చట్టం పాత అప్పుల మీద పేరుకున్న వడ్డీని కొట్టేసింది, అసలుకు రెట్టింపు కట్టినవాడి అప్పు తీరిందంది. అప్పట్లో కర్నూలు, కడప రెండూ ఆ ప్రెసిడెన్సీలోవే. 2008లో కేంద్రం, 2014లో రాష్ట్రం పంట రుణాలు మాఫీ చేశాయి. ఇవి ప్రభుత్వాలు చేసినవి. రిటెన్ ఆఫ్ అలాంటిది కాదు. బ్యాంకు తన పద్దుల్లో రాని బాకీగా రాసుకోవడం అంతే, మన మీద బాకీ అట్లే ఉంటుంది. సెటిల్డ్ అంటే తక్కువకు ఒప్పుకుని బేరం ముగించామని. తర్వాత అప్పిచ్చేవాడికి అది వినిపించేది ఇలా: ఈయన మొత్తం కట్టలేదు.

తోటి లెక్చరర్ ఒకరు అన్నారు, "ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే కాలదోషం పట్టేది కదా" అని. పట్టేదేమో. కానీ కాలదోషం కోర్టు తలుపు ఒక్కటే మూస్తుంది. అప్పు పోదు, రిపోర్టులో మచ్చా పోదు. ఇంకో సంగతి కూడా ఉంది. గడువు తీరబోయే పాత బాకీకి "ముందు టోకెన్‌గా రెండు వేలు వేయండి, ఈ మెయిల్‌కు సరేనని జవాబివ్వండి" అంటారు. అది నోటు వెనక చెల్లు వేయడం లాంటిదే, మూడేళ్ల లెక్క మళ్లీ మొదలు కావచ్చు. కట్టదలిస్తే మొత్తం బేరం కాగితం మీదికి వచ్చాకే కట్టాలి.

బాగుచేయడం మొదలుపెట్టాను. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్, నాలుగూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ తీసి, తెల్లకాగితం మీద రెండు వరసలు గీశాను. తప్పుగా రాసినవి ఒకవైపు, నిజంగా నేను చేసినవి ఇంకోవైపు. రెండింటికీ మందు ఒకటి కాదు. కార్డు సంగతి తప్పు. పూర్తిగా కట్టినా రిపోర్టులో ఎక్కలేదు. నా బ్యాంకు ఖాతా స్టేట్‌మెంటులో ఆ రెండు జమలకు గీత గీసి, ఫిర్యాదుతో జతచేశాను. 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లోకి వచ్చిన నియమం ప్రకారం ఇలాంటి ఫిర్యాదు 30 రోజుల్లో తేలకపోతే రోజుకు 100 రూపాయలు మనకివ్వాలి. నాది 41 రోజులు పట్టింది. 1,100 రూపాయలు ఖాతాలో పడ్డాయి. ఆలస్యానికి నాకు ఒకరు కట్టడం జీవితంలో అదే మొదలు.

లోన్ సంగతి నిజం. నిజాన్ని చెరిపే ఏజెంటు ఎవరూ లేరు. నెలలో స్కోరు పెంచుతాం, ఐదు వేలివ్వండి అని వచ్చే మెసేజీలన్నీ అబద్ధమే. మినహాయించిన 48,000 కట్టేస్తాను, క్లోజ్డ్‌గా మారుస్తారా అని బ్యాంకుకు రాశాను. బ్యాంకు ఒప్పుకుని తీరాలని రూలేమీ లేదు. నా బ్యాంకు ఒప్పుకుంది. ఈసారి ఒప్పుకున్నట్టు ఉత్తరం చేతికొచ్చాకే డబ్బు కట్టాను, కట్టాక బాకీ లేదనే పత్రం తీసుకున్నాను. తర్వాత 20,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద చిన్న కార్డు తీసుకుని, పాలు, కూరగాయలకు తప్ప వాడకుండా, బిల్లు మొత్తం గడువుకు ముందే కట్టుకుంటూ వచ్చాను. అమ్మాయి మొదటి ఏడు ఫీజుకు చీటీ పాడుకున్నాం. స్కోరు మెల్లగా లేచింది. చీనీ చెట్టు కాపుకొచ్చినంత నెమ్మది. 2025లో 702 దగ్గర రెండో ఏడు ఫీజుకు రుణం మంజూరైంది.

ఆ వారం ఊరికి పోయినప్పుడు నాయన అడిగాడు. "నీ నోటు చించినారా?"

"ఇప్పుడు చించరు నాయనా. తీరిపోయిందని రాసిస్తారు."

"రాసిచ్చింది ఏది?"

బాకీ లేదనే పత్రం ఆయన చేతిలో పెట్టాను. ఇంగ్లీషు ఆయనకు రాదు. తేదీ ఎక్కడుందో అడిగాడు, సంతకం ఎక్కడుందో అడిగాడు, సీలు మీద వేలు పెట్టి తడిమాడు. లేచి ట్రంకుపెట్టె తెరిచి, పాసు పుస్తకం ఎత్తి, చినిగిన నోటు మీద దాన్ని పరిచి, మూత వేశాడు.